రాయుడుగారు పడలేదు

చండ్రపాడు రాజుగారి బావమరిది భుజంగరాయుడు ఏటా దసరా కుస్తీల్లో గెలిచేవాడు. నిజానికి నాలుగేళ్లుగా ఎలమంద అతన్ని ఎత్తి కుదేస్తూనే ఉన్నాడు. ఎలమంద గోదా మట్టి తవ్వి, నూనె, పసుపు కలిపే కూలివాడు. పని చేసుకుంటూనే పట్లన్నీ చూసి నేర్చుకున్నాడు. వీపుకు మట్టి అంటితే ఓడినట్టని నియమం. అయినా తీర్పరి ప్రతిసారీ "రాయుడుగారు పడలేదు, కాలు జారిందంతే" అని, లేచొచ్చిన రాయుడి మెడలోనే దండ వేసేవాడు.

ఐదో ఏడు ఎలమంద రాయుణ్ణి వెల్లకిలా పడేసి, లేవనివ్వకుండా గుండెల మీద కూర్చున్నాడు.

"రాయుడుగారు పడలేదు" అన్నాడు తీర్పరి, అలవాటుగా.

"చిత్తం. పడలేదంటే కుస్తీ ఇంకా అవలేదనేగా? అయ్యేదాకా పట్టు వదలకూడదు కదండీ" అంటూ ఎలమంద ఇంకాస్త బిగించాడు.

ఎండెక్కింది. జనం ముసిముసిగా నవ్వుతున్నారు. కింద నలుగుతున్నవాడు గెలిచాడనడానికి తీర్పరికి నోరు రాలేదు. చివరికి రాయుడే "ఓడిపోయాను, లేవరా!" అని మూలిగాడు.

అంతమంది ముందు కాదనలేక, రాజుగారు పళ్లు కొరుక్కుంటూ ఎలమంద చేతికి వెండి కడియం తొడిగారు. మర్నాడే దండోరా వేయించారు, ఇకమీదట రాజబంధువులు తప్ప ఎవరూ గోదాలో దిగి కుస్తీ పట్టరాదని.

ఎలమంద పార భుజాన వేసుకుని మట్టి తవ్వడానికి పోతుంటే, దండోరా వేసే పోలయ్య ఎదురొచ్చాడు.

"నీ పుట్టుక ఏమిటో వాళ్లకు ఇన్నాళ్లకు గుర్తొచ్చిందిరా!" అన్నాడు.

"ఓడినన్నాళ్లూ అది ఎవరికీ అడ్డం రాలేదు మామా" అన్నాడు ఎలమంద.