సొంతవాక్యం

వంశధార ఒడ్డు ఆశ్రమంలో స్వామివారికొక అలవాటు ఉండేది నాయనలారా. ఎవరేం అడిగినా, "ముందు మంచినీళ్ళు తాగిరండి" అనేవారు. దాహంతో విన్న మాట నిలవదని ఆయన నమ్మకం.

ఒక వైశాఖంలో కూర్మారావు మాస్టారు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముప్పయ్యేళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పిన మనిషి. భార్య వరహాలమ్మ పోయి నాలుగు నెలలైంది. ఆయన కంట చుక్క రాలలేదు, నోట ఆమె పేరు రాలేదు. ఆమె పేరు బోర్డు మీద రాయించి, ఆశ్రమం వాకిట చలివేంద్రం మాత్రం పెట్టించారు. ఎంత నిబ్బరమో అని ఊరంతా మెచ్చుకుంది. కూతురు పైడితల్లి మాత్రం ఆ పొద్దున్నే, "ఊరందరికీ నీళ్ళు పోస్తున్నావు నాన్నా, నాతో అమ్మ గురించి ఒక్క మాట అనలేవా? ఈ బస్సుకి పోతే మళ్ళీ నీ గడప తొక్కను," అని సంచి సర్దుకుంది.

"చలించనివాడే స్థిరబుద్ధి అన్నారు కదా స్వామీ. నేను చలించలేదు. అది నన్ను బండరాయంటోంది. తప్పెవరిది?"

"ముందు మంచినీళ్ళు తాగిరండి."

మాస్టారు వాకిట్లోకి వెళ్ళేసరికి ఒక ముసలమ్మ పుక్కిట నీళ్ళు ఉమ్మేస్తోంది. "ఓలమ్మో! ఇవి తాగే నీళ్ళా, వడ్లు ఉడకేసే నీళ్ళా? ఎవులు బాబూ ఈ కుండ ఎట్టింది?"

మాస్టారు ఒక గ్లాసు తాగి చూశారు. నిజమే, ఉడుకునీళ్ళే. కుండ మాత్రం నీలంగా నిగనిగలాడుతోంది. ఎప్పుడూ చెమర్చి కింద బురద చేస్తోందని, వారం కిందట ఆయనే దానికి రెండు పూతలు ఎనామిల్ రంగు వేశారు.

వెనకాలే వచ్చిన స్వామివారు మూలనున్న రంగు డబ్బా అందించారు. "ఆ ఇంగ్లీషు చదవండి మాస్టారూ."

"'పోర్స్ అన్నిటినీ పూర్తిగా మూసివేయును' అని ఉంది స్వామీ."

"పోర్స్ అంటే?"

"కంటికి ఆనని సన్నని రంధ్రాలు. మన ఒంటికుంటాయి, చెమట పట్టి ఒళ్ళు చల్లబడేది వాటివల్లే. మట్టి కుండకీ..." మాస్టారి మాట అక్కడ ఆగిపోయింది.

"అర్థం చెప్పారు. బళ్ళో పిల్లల్ని అర్థంతోనే వదిలేసేవారా?"

"లేదు స్వామీ. సొంతవాక్యం రాయించేవాణ్ణి."

"అయితే చెప్పండి."

మాస్టారు తల తిప్పారు. బస్సు ఆగేది ఆశ్రమం గేటు ముందే; సంచి భుజాన వేసుకుని పైడితల్లి అక్కడి దాకా వచ్చేసింది. ఆ పిల్ల తల మీదుగా బోర్డు కనిపిస్తోంది.

"వరహాలూ..." అన్నారు.

వాక్యం అంతకన్నా సాగలేదు. వారం నుంచీ పొడిగా ఉన్న ఆ నేల మీదే, కుండ పక్కన కూలబడి బావురుమన్నారు. గేటు దగ్గర సంచి కింద పడిన చప్పుడైంది. పైడితల్లి పరుగున వచ్చి తండ్రి తలను ఒళ్ళోకి తీసుకుంది.

స్వామివారు ఆ నీలం కుండను మెల్లగా దించి పక్కన పెట్టారు.

"రేపు కొత్త కుండ తెండి మాస్టారూ. కింద తడవుతుంది. తడవనివ్వండి."