మూలరాయి కింద పెచ్చు

పూర్వం ఈజిప్టు దేశంలో, రాజుగారి పిరమిడ్ కడుతున్న చోట, సెన్బి అనే జట్టు నాయకుడు ఉండేవాడు. పనిలో దిట్టే గాని ఒట్టి తొందరపాటు మనిషి, పైగా గొప్పలకు పోయేవాడు. ఇల్లు కట్టి చూడమంటారు మన పెద్దలు. మరి కొండంత పిరమిడ్ కట్టాలంటే ఎంత ఓర్పు కావాలి! ఆ ఓర్పే సెన్బికి లేదు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. ప్రతి జట్టూ తాను పేర్చిన రాళ్ల మీద, లోపలికి పోయే వైపున, ఎర్రటి జేగురు రంగుతో తన పేరు రాసుకునేది. సెన్బి జట్టు పేరు ‘నైలు సింహాలు’. అందరూ బెత్తెడు అక్షరాలు రాస్తే సెన్బి మూరెడు అక్షరాలు రాయించేవాడు. చిట్టచివర శిఖరం రాయి నిలబెట్టే గౌరవం తన జట్టుకే దక్కాలని అతని పంతం. పక్క జట్టు నాయకుడు హాపు కూడా దాని మీదే కన్నేశాడు.

అడుగు వరుస పేరుస్తుండగా సెన్బి పెట్టించిన మూలరాయి కాస్త ఒరిగింది.

“అన్నా, రాయి జరిపి నేల మళ్లీ చదును చేద్దాం,” అన్నాడు జట్టులోని కేము.

“ఈలోగా హాపు మనల్ని దాటిపోడూ? ఒక రాతిపెచ్చు దోపు. పైన ఇన్ని రాళ్లు వస్తాయి, ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు సెన్బి.

పెచ్చు దోపారు. రాయి బుద్ధిగా నిలబడింది.

వరుసలు లేచేకొద్దీ బరువు పెరిగింది. కింద పెచ్చు నలిగింది. మూల ఒరిగింది. ఆ మూల పైరాళ్లు పేర్చింది హాపు జట్టు. పెద్ద మేస్త్రి నిలువు సరిచూసే గుండుతాడు వేలాడదీసి చూసి మండిపడ్డాడు.

“ఇదేం పనయ్యా హాపూ! ఆ పైరాళ్లు మార్పిస్తాను. నీ జట్టు రేపే గనికి పోయి రాళ్లు కొట్టుకోవాలి!”

“మేం సరిగ్గానే పేర్చామయ్యా,” అన్నాడు హాపు.

సెన్బి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నోరు మెదపకపోతే శిఖరం రాయి తనదే. కాని హాపు ముఖం చూడలేకపోయాడు.

“తప్పు అడుగున ఉందయ్యా. మూలరాయి తీయించండి. మా పేరే కనిపిస్తుంది,” అన్నాడు.

పైరాళ్లన్నీ దించారు. నలిగిన పెచ్చు, దాని మీద రాయి, రాతి మీద మూరెడు అక్షరాలు! “సింహాలు బాగానే గర్జించాయి!” అని జనం పగలబడి నవ్వారు. సెన్బి సిగ్గుతో తల వంచుకుని, ఆ మూలంతా తన జట్టు చేతనే మళ్లీ కట్టించాడు.

ఏళ్లు గడిచాక శిఖరం రాయి హాపు జట్టే నిలబెట్టింది. కాని సెన్బి తప్పు ఒప్పుకున్ననాటి నుంచే పెద్ద మేస్త్రి నాలుగు మూలలూ సరిచూసే పని అతనికే ఇచ్చాడు. “తప్పు ఎక్కడ దాక్కుంటుందో నీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?” అన్నాడు. సెన్బి సరే అన్న మూల మళ్లీ ఒరగలేదు.

అడుగున దాచిన తప్పు పైన బయటపడక మానదు. ఎవరూ చూడని చోట చేసిన పనే మనిషి పేరు నిలబెడుతుంది.