మద్దిచెట్టు దాచిన పొగ

అనగా అనగా, చెట్ల పలుకు మనుషుల చెవిన పడే కాలంలో, శ్వేతగిరి అనే రాజ్యం ఉండేది. అక్కడ అడవి అంచున తాతల నాటి సున్నపు బట్టీలు ఉండేవి. వాటి పొగను చెట్లు పీల్చుకుని, మానుగా, వేరుగా మార్చి దాచుకునేవి.

కుంభవర్మ రాజైనాడు. ఎత్తైన కోట కట్టాలని బట్టీలు పెంచాడు. పొగ పెరిగింది. అడవి ఎన్నడూ లేనంత ఏపుగా ఎదిగింది.

"చూశారా, పొగే వీటికి పాయసం. ఇంకా పెంచండి" అన్నాడు రాజు.

ఈసారి కట్టెలు చాలలేదు. "చెట్టును కొట్టవద్దు, పాపం. రాలిన ఆకు ఊడ్చి తెండి. రాలినదానితో చెట్టుకేం పని?" అన్నాడు. అడవి నేలనంతా నున్నగా ఊడ్చేశారు.

ముసలి మద్దిచెట్టు పలికింది. "మహారాజా, పొగ ఒక్కటే తిని బతకలేము. రాలిన ఆకు కుళ్లి మట్టిలో కలిస్తేనే మాకు కూడు. దానిని వదిలేయండి."

"విస్తరి నిండా వడ్డిస్తే, పచ్చడి లేదని అలుగుతున్నావా?" అని నవ్వి, రాజు మూడోసారీ బట్టీలు పెంచాడు.

ఆకు ఎరువు లేక నేల సారం పోయింది. చెట్లు ఇక పొగ పీల్చలేకపోయాయి. మిగిలిన పొగ కోట మీదికి మళ్లింది. రాజు చిన్న కూతురు మంజీరకు ఊపిరి ఆడలేదు.

"పొగ పీల్చని చెట్టు ఎందుకు?" అని రాజు మండిపడ్డాడు. మద్దిని కొట్టించి బట్టీలో వేయించాడు.

అప్పుడు జరిగినది చూసి అందరూ కొయ్యబారిపోయారు. ఆ ఒక్క చెట్టు నుంచి పొగ తెరలు తెరలుగా, ఆగకుండా లేచింది. పట్టపగలే చీకటి కమ్మింది.

"ఇంత పొగ ఎక్కడిది?" అన్నాడు రాజు.

మంటలోంచి మద్ది అంది. "మీదే, మహారాజా. నా పై పొరలోది మీది. దాని లోపలిది మీ నాన్నగారిది. నడి చేవలోది మీ తాతగారిది. ఇన్నాళ్లూ నా ఒంట్లో దాచాను. తలుపు మీరే తీశారు."

మంజీర దగ్గుతూ తండ్రి చేయి పట్టుకుంది. "నాన్నగారూ, మిగతా చెట్ల లోపలా ఇంత ఉందా?"

రాజు అడవి వైపు చూశాడు. కొండల దాకా చెట్లే.

"ఆర్పండి" అన్నాడు.

బట్టీలు ఆరాయి. కోట గోడ సగంలోనే నిలిచిపోయింది. ఊడ్చి తెచ్చి, కాల్చగా మిగిలిన ఆకులో మొదటి గంప రాజే మోసుకువెళ్లి అడవిలో పరిచాడు. మంజీరకు మెల్లగా ఊపిరి కుదిరింది. మద్ది మాత్రం తిరిగి రాలేదు.

అడవి మన పొగను మోస్తుంది. దాని కూడు దోచి, దాని ఒళ్లు కాలిస్తే, మోసినదంతా మన బిడ్డల ఊపిరి మీదనే దించుతుంది.

పొయ్యి బూడిద చెట్టు మొదట్లో పోస్తూ ఈ కథ నాకు తొలిసారి చెప్పినది, మా నాయనమ్మ పేర్రాజమ్మ.