మంచు దేశానికి సేవకెళ్ళిన లంకవాళ్ళు

గోదావరి మధ్య ఒక లంకలో యోబు, దీవెనమ్మ అనే మొగుడూ పెళ్ళాలు, దీవెనమ్మ తమ్ముడు గిద్యోను ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. తమ ముగ్గురికీ ఉన్నంత తెలివి రేవు దాటితే ఇంకెవరికీ లేదని వాళ్ళ గట్టి నమ్మకం. ఎవరైనా ఒక పని చెబితే చెప్పింది చెప్పినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా చేసేవాళ్ళు.

"జనం సగం విని, మిగతా సగం ఊహించుకుంటారోయ్. మనం అలా కాదు," అనేవాడు యోబు.

"ఊహించుకోడానికి తెలివెందుకు బావా? వినడానికే తెలివి కావాలి," అనేవాడు గిద్యోను. దీవెనమ్మ ఇద్దర్నీ చూసి మురిసిపోయేది.

గిద్యోను బైబిలు బడిలో చదువుకుని కుర్ర మిషనరీ అయ్యాడు. ఆ ఏడు చలికాలం సేవకి అతన్ని ఉత్తరాన ఎక్కడో ఒక మంచు దేశానికి పంపుతామన్నారు. పిల్లాణ్ణి ఒంటరిగా ఎలా పంపడమని అక్కా బావా కూడా బయల్దేరారు. పాదిరిగారు రేవు దాకా వచ్చి, "అక్కడ ఎల్సా దొరసానిగారు ఏం చెబితే అది చెయ్యండి. మీ సొంత తెలివి మాత్రం దయచేసి వాడకండి నాయనా," అన్నారు.

"మన తెలివంటే ఈయనకి కూడా భయమే," అంది దీవెనమ్మ పడవెక్కుతూ.

విమానంలో ఒకమ్మాయి వచ్చి బెల్టు పెట్టుకోమని సైగ చేసింది. పెట్టుకున్నారు. విమానం దిగింది, జనమంతా వెళ్ళిపోయారు, ఊడ్చేవాళ్ళు వచ్చి ఊడ్చేసి కూడా వెళ్ళారు. వీళ్ళు కదల్లేదు. పెట్టుకోమని సైగ చేసిన మనిషి తియ్యమని సైగ చెయ్యలేదు కదా. చివరికి విమానం నడిపినాయనే వచ్చి తన చేత్తో ముగ్గురి బెల్టులూ ఊడదీశాడు. "ఎంత మర్యాదో చూడు," అన్నాడు యోబు.

ఎల్సా దొరసాని ఒకప్పుడు మన గోదావరి పక్క ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి నర్సుగా చేసిన మనిషి. తెలుగు మనలాగే మాట్లాడుతుంది. వాళ్ళని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేడి పాలు ఇచ్చి, ఉన్న సంగతి చెప్పింది.

"మా చర్చికి జనం తగ్గిపోయారమ్మా. అందరూ ముసలివాళ్ళే. మంచులో జారిపడతామని భయపడి రారు. వచ్చినవాళ్ళు ఒక పాట కాగానే ఇళ్ళకి పోతారు. క్రిస్మసు రోజు మా పెద్దయ్యగారు, అదే బిషపుగారు, చూడ్డానికొస్తారు. ఖాళీగా ఉంటే ఇంక మూసేస్తామన్నారు. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఇందులోనే. మా అమ్మని సాగనంపింది ఇందులోనే." ఆమె గ్లాసుల్లో ఇంకాస్త పాలు పోసింది. "మీరే ఏదన్నా చెయ్యాలి."

"మీరు చెప్పండి దొరసానమ్మా. మేం చెయ్యకపోతే అడగండి," అన్నాడు గిద్యోను.

"ముందు మంచు సంగతి చూడండి. మంచు ఎక్కడ కనబడితే అక్కడ ఉప్పు చల్లండి. కరిగిపోతుంది. ఎవరూ జారరు."

అంతే. ముగ్గురూ ఉప్పు బస్తా మోసుకుని బయల్దేరారు. మెట్ల మీద చల్లారు, దారిలో చల్లారు. ఎదురింటి కంచె మీద మంచు కనబడింది, చల్లారు. ఆగి ఉన్న కారు మీద, చెట్ల మీద, పక్కింటి కుక్క మీద చల్లారు. ఇంతలో ఆంటన్ తాత అని చర్చికి తప్పకుండా వచ్చే ఒకే ఒక్క ముసలాయన వచ్చాడు. ఆయన టోపీ మీద మంచు, భుజాల మీద మంచు. ఇంకేముంది.

"మనిషికి ఉప్పు పట్టించారా?" అంది ఎల్సా సాయంత్రం, తల పట్టుకుని.

"శుభ్రంగా పట్టించామండి. మెడ వెనక కూడా," అంది దీవెనమ్మ. "ఎండుచేపలకి పట్టించిన చెయ్యండీ ఇది, ఒక్క చోటు వదల్లేదు."

ఆంటన్ తాత అలిగి మర్నాటినుంచి రావడం మానేశాడు. ఉన్న ఒక్కడూ పోయాడు. ఎల్సా కోప్పడలేదు. కోప్పడితే కూడా ఏదో ఒకటి చేస్తారని భయం. "ఉప్పు వదిలెయ్యండి నాయనా. దారిలో ముసలివాళ్ళు కనబడితే చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా నడిపించి తీసుకొచ్చి కూర్చోబెట్టండి. అది చాలు," అంది.

అంతే. తెల్లారేసరికి ముగ్గురూ మూడు వీధుల్లో నిలబడ్డారు. రొట్టెల కొట్టుకి పోతున్న ఒక ముసలమ్మ కనబడింది, చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. పన్ను పీకించుకోడానికి పోతున్న ఒక తాతని పట్టుకొచ్చారు. ఆయన దవడ చూపించి గింజుకుంటే, "పాపం, ప్రార్థన కోసం ఎంత తొందరపడుతున్నాడో," అన్నాడు యోబు. ఉత్తరాలు పంచే నెరిసిన జుట్టాయన్ని సంచీతో సహా లాక్కొచ్చారు. ఎవరో కబురు పెడితే పోలీసాయన వచ్చాడు. ఆయన టోపీ తీశాడు. తల ముగ్గుబుట్ట. ఇంకేముంది, ఆయన్ని కూడా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

ఎల్సా వచ్చి ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పి పంపించేసరికి ఆమె గొంతు పోయింది. ఊళ్ళో వాళ్ళు ఈ ముగ్గురినీ చూస్తే చాలు, వీధి మారిపోతున్నారు. క్రిస్మసు ఇంకెంతో దూరం లేదు.

"మేం చెడగొట్టామా అండీ?" అన్నాడు గిద్యోను, మొదటిసారి కాస్త దిగులుగా.

ఆ మొహం చూసి ఎల్సాకి మనసు కరిగింది. ఆమే ఇల్లిల్లూ తిరిగి, ఈ ఒక్క రోజుకి రమ్మని అందర్నీ బతిమాలింది. తిరిగొచ్చి వీళ్ళతో, "వస్తామన్నారు. వచ్చినవాళ్ళని మీ ఊళ్ళో చర్చికొచ్చిన వాళ్ళని చూసుకున్నట్టు ప్రేమగా చూసుకోండి. తొందరగా వెళ్ళిపోకుండా చూడండి. అంతకంటే ఏం వద్దు," అంది.

లంకలో చర్చికొచ్చినవాళ్ళు ఏం చేస్తారు? గుమ్మం బయట చెప్పులు విడుస్తారు. కాళ్ళు కడుక్కుంటారు.

క్రిస్మసు మధ్యాహ్నం ఊళ్ళో ముసలివాళ్ళంతా వచ్చారు. ఆంటన్ తాత కూడా వచ్చాడు, దీవెనమ్మకి అందనంత దూరం నుంచి నడుస్తూ. పెద్దయ్యగారు నల్లకోటులో వచ్చారు. గిద్యోను గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని వచ్చినవాళ్ళవి వచ్చినట్టే బూట్లు విప్పేశాడు. యోబు వాటిని బయట మెట్ల మీద వరసగా పేర్చాడు. చలిదేశం వాళ్ళ కాళ్ళకి నీళ్ళు తగిలితే జలుబు చేస్తుందని దీవెనమ్మ కాళ్ళని వదిలేసి బూట్లనే కడిగింది. లోపలా బయటా, చెంబుల కొద్దీ నీళ్ళతో.

ఒక పాట అయింది. అలవాటుగా ముసలివాళ్ళు లేచారు. తలుపు తీస్తే బయట బూట్లన్నీ గడ్డకట్టి రాళ్ళయిపోయి ఒకదానికొకటి అతుక్కుని మెట్లకి కరుచుకుని ఉన్నాయి. పోలీసాయన గట్టిగా లాగితే బూటు రాలేదు, ఆయనే వెనక్కి పడ్డాడు. పెద్దయ్యగారు మేజోళ్ళతో గుమ్మంలో నిలబడి ఆ మంచుని చూసి, లోపలికొచ్చి కూర్చున్నారు.

ఇంకేముంది. యోబు గునపంతో బూట్లు పెకలించి తెచ్చి పొయ్యి చుట్టూ పేర్చాడు. వాటికి పట్టిన మంచు కరిగేదాకా ఎవరూ ఎక్కడికీ పోలేరు. దీవెనమ్మ అల్లం దంచి టీ పెట్టింది, ఊరినుంచి తెచ్చిన పూతరేకులు పంచింది. ఆంటన్ తాత ఒక రేకు నోట్లో వేసుకుని, అది కాగితమా తిండా అని ఎల్సాని అడిగి, ఇంకొకటి తీసుకున్నాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు. పన్ను తాత పీకించుకోని పన్నుతోనే అందుకున్నాడు. చీకటి పడినా ఒక్కరు కదల్లేదు. బూట్లు ఆరాక కూడా కదల్లేదు.

పెద్దయ్యగారు లేచి కళ్ళద్దాలు తుడుచుకుని ఏదో అన్నారు. ఎల్సా ముగ్గురి చేతులూ పట్టుకుని తెలుగులో చెప్పింది. "ఈ చర్చి తలుపు ఇంక ఎన్నటికీ మూయకూడదట. ఆ బాధ్యత మీ ముగ్గురిదేనట."

"మాకు వదిలెయ్యండి," అన్నాడు గిద్యోను.

మర్నాడు ఎల్సా సంతోషంగా పాడుకుంటూ వచ్చింది. చర్చికి తలుపు లేదు. గుమ్మంలోంచి మంచు బల్లల దాకా వచ్చేసింది. లోపల ముగ్గురూ మూడు దుప్పట్లు కప్పుకుని, మండుతున్న పొయ్యి ముందు వణుకుతూ కూర్చున్నారు.

"తలుపేది?" అంది ఎల్సా.

"ఉంటే ఎవరో ఒకరు మూసేస్తారు కదండీ. అందుకని ఊడదీసేశాం," అన్నాడు యోబు.

"అది సరే. ఊడదీసి ఎక్కడ పెట్టారు?"

దీవెనమ్మ పొయ్యిలోకి ఒక చెక్క తోసింది. "తలుపు లేకపోయేసరికి లోపల ఒకటే చలండీ. అందుకని దాన్నే కాలుస్తున్నాం. అయిపోవచ్చింది. మీ ఇంటి తలుపు ఏమైనా ఇస్తారా?"