ఎవరూ అనకూడని మాటలు

మణిమంతపురం రాజు విజయభూపతికి ఓ రోజు ఉన్నట్టుండి రాజ్యాన్ని వదంతుల బారి నుంచి కాపాడాలనిపించింది. అనిపించడమేమిటి, కోట పనులు చూసే మంత్రి గోపరసు అనిపించాడు.

దండోరా వేసే ఓబులేసు ముందురోజు సంతలో డప్పు కొట్టి, "కొత్తగా కట్టిన కోట ఉత్తరపు గోడ బీటలు వారిందహో! పిల్లాపాపల్ని అటు పంపకండహో!" అని చాటాడు. పాపం, కళ్లు కనబడటం ఒక నేరం, గొంతు పలకడం ఇంకో నేరం. రెంటికీ కలిపి సంకెళ్లు వేసి సభలో నిలబెట్టారు.

"ప్రభూ, వీడు బీటలు వార్చింది తమ పరువుని! వీడి నాలుక కోయించండి. ఇకపై ఎవరూ ఇలా కూయకుండా శాసనం చేయండి," అన్నాడు గోపరసు.

"అబద్ధమైతే కోయండి దొరా. ముందు ఎవరినైనా పంపి ఆ గోడ చూడమనండి," అన్నాడు ఓబులేసు.

"చూడటం దేనికి? మంత్రి చెప్పాడుగా!" అన్నాడు రాజు.

శాసనాలు రాసే పేరయ్యకు కబురు వెళ్లింది. అతను తాటాకు, గంటం పట్టుకొచ్చి మంత్రికి వంగి దండం పెట్టాడు.

"ఎంత చక్కటి శాసనం! అయితే ఏ మాటలు అనకూడదో తెలియక జనం పొరపాటున అనేస్తారేమో. తమరు ఒక్కొక్కటే చెప్పండి, పొల్లు పోకుండా రాసుకుంటాను."

గోపరసు పొంగిపోయి మీసం దువ్వాడు.

"రాయి. గోడ బీటలు వారిందని ఎవరూ అనకూడదు."

"రాశాను. ఇంతేనా? లోకుల నోళ్లు మహా చెడ్డవి మంత్రిగారూ!"

"అవునవును. పునాది మూరెడే తవ్వారని అనకూడదు."

"భలే! ఇంకా?"

"సున్నంలో సగానికి సగం మట్టే కలిపారని అనకూడదు. మిగిలిన సున్నంతో మంత్రి మేడ కట్టుకున్నాడని అసలే అనకూడదు!"

పేరయ్య గంటం ఆపాడు.

"బీటల సంగతి ఓబులేసు అన్నాడు. మిగతా మూడూ ఊళ్లో ఇంతవరకూ ఒక్కరూ అనలేదే! తమకెవరు చెప్పారు, మంత్రిగారూ?"

గోపరసు నోరు తెరిచాడు. మాట రాలేదు.

రాజు అతని వంక చూశాడు. పేరయ్య వంక చూశాడు. పగలబడి నవ్వాడు.

"శాసనం ఇంకా చాటనేలేదు, అప్పుడే నోరు మూసుకున్నావే గోపరసూ! నీ అంత విధేయుడు నాకెక్కడ దొరుకుతాడయ్యా!"

సభంతా గొల్లుమంది. ఓబులేసు చేతుల సంకెళ్లు గోపరసు చేతులకి మారాయి. రాజు ఆ తాటాకు తీసుకుని రెండుగా చించి, తన భుజం మీది పట్టు శాలువా పేరయ్యకు కప్పాడు.