అనుమతి లేని ఫోల్డరు

అప్పలాచారి మాస్టారికి ఒక అలవాటుండేది. ఆయన రాసిన స్క్రిప్టులు దేన్నీ దాచేవి కావు. ఫోల్డర్ల జాబితా అడిగితే పేర్లతో పాటు కంప్యూటరు పెట్టుకున్న మొరలన్నీ తెర మీద పడేవి. చూసేవాళ్ళకి చిరాకు. ఆయనకి మాత్రం అలా ఉంటేనే నిద్ర పట్టేది.

"మాస్టారూ, చివర ఒక్క ముక్క చేరిస్తే ఆ ఎర్రర్లు కనబడకుండా పోతాయి కదా. తెర శుభ్రంగా ఉంటుంది. మీరెందుకు చేర్చరు?" అని ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నూకరత్నం ఒకరోజు అడిగింది.

"ఈవేళ నీ పద్ధతిలోనే రాయమ్మా," అన్నారాయన.

ఆ రోజు పని చిన్నదేం కాదు. రిజర్వాయరు కింద మునగబోయే ఊళ్ళ అర్జీలన్నీ వాళ్ళు పనిచేసే పునరావాస ఆఫీసు పాత సర్వరులో ఉన్నాయి. పంచాయతీకో ఫోల్డరు, దాని లోపల ఊరికో ఫోల్డరు. స్క్రిప్టుతో ఊళ్ళ జాబితా తీసి, అందులోకెక్కిన ఊళ్ళను కొత్త సర్వరులోకి ఎక్కించి, సాయంత్రానికి పాతది తుడిచేయాలి. జాబితాకెక్కని ఊరి అర్జీలు ఇక ఉండవు. వాటితో పాటే ఆ జనానికి రావలసిన ఇళ్ళ స్థలాలూ పోతాయి.

నూకరత్నం స్క్రిప్టు నడిపింది. అరవై మూడు ఊళ్ళు వరుసగా వచ్చాయి. ఒక్క మరక లేదు. ఆమెకి గర్వంగానే అనిపించింది. మాస్టారు వంగి, ఆమె చేర్చిన చివరి ముక్క చెరిపేసి మళ్ళీ నడిపారు. అవే అరవై మూడు. వాటి కింద ఇంకో వరుస: 'ముంతవలస: అనుమతి లేదు.'

ఎప్పుడో బదిలీ అయిన గుమాస్తా ఒకాయన ఆ పంచాయతీ ఫోల్డరుకు తాళం వేసి పోయాడు. లోపల ఎన్ని ఊళ్ళున్నాయో స్క్రిప్టుకు తెలియదు. తెలియదని అది చెప్పింది కూడా. ఆ నోరే నూకరత్నం నొక్కేసింది.

ఇంతలో అధికారి చలపతిరావు ఆమె మొదటి జాబితా అచ్చు తీసిన కాగితం పట్టుకొచ్చారు. అరవై మూడు పేర్లు, అడుగున 'ఇవి తప్ప వేరే ఊళ్ళు లేవు' అన్న వాక్యం. మాస్టారు తెర మీది ఆ వరుస చూపించారు. తాళం తీయగలిగినవాడు వారం సెలవులో ఉన్నాడట. గడువు ఇవాళేనట. సంతకం పెట్టమన్నారు.

"చూడలేకపోయానని రాయమంటే రాస్తానండి. లేవని రాయను," అన్నారు మాస్టారు.

"అయితే రేపట్నించి మీరు రానక్కర్లేదు."

"రేపు రాను. ఇవాళ పెట్టను."

అధికారి కాగితాన్ని నూకరత్నం వైపు తోశారు. ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి. పొడిగించవలసింది ఆయనే. మాస్టారు ఆమె వైపు చూడనైనా లేదు. ఆమెకి ఒళ్ళు మండింది, అధికారి మీద కొంత, తన మీద ఎక్కువ. పెన్ను తీసి ఆ అడుగు వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. తెర మీద ఉన్నది ఉన్నట్టు 'ముంతవలస: అనుమతి లేదు' అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.

"ఇప్పుడు తుడిపించండి సార్," అంది.

ఆ కాగితం చేతిలో ఉండగా సర్వరు తుడిపించే ధైర్యం ఆయనకు లేకపోయింది. వారం తరవాత తాళం తీస్తే లోపల నాలుగు ఊళ్ళున్నాయి. అది చూడడానికి మాస్టారు అక్కడ లేరు.

సంతకం జరిగిన సాయంత్రమే ఆయన సంచీ సర్దుకున్నారు. వెళ్తూ వెళ్తూ నూకరత్నం కుర్చీ వెనక ఆగారు. అరవై మూడు పేర్ల కింద ఆ వరుస ఇంకా అలాగే ఉంది.

"ఇప్పుడు శుభ్రంగా ఉందమ్మా తెర," అన్నారు.