జిడ్డంటని కండువా

పనిముట్టును పట్టించుకోకుండా, అది విరిగాక పనివాణ్ణి తిట్టే నీకే చెబుతున్నాను, విను.

రాజుగారి గానుగలో చెరకును నలిపే దిమ్మ ఇరుసు దగ్గర పగిలింది. "ఇరుసుకు రోజూ ఆముదం పోయిస్తున్నాను ప్రభూ! తప్పంతా దిమ్మ చేసిన ఈ వడ్రంగి గురవయ్యది. ఊళ్లోంచి వెళ్లగొట్టండి," అన్నాడు గానుగ అధికారి రంగప్ప.

ఏడాదిగా ఆముదం అడిగి అడిగి అలసిపోయిన గురవయ్యకు వాదించే ఓపిక లేదు. "అయ్యా, మీ కండువాతో ఆ ఇరుసు తుడవండి. జిడ్డంటితే ఇప్పుడే పోతాను."

రంగప్ప చెమటలు కారేలా రుద్దాడు. పొడి దుమ్మే అంటింది.

"మరి ఆముదమేమైంది?" అన్నాడు రాజు.

"అదే కండువాతో రంగప్పగారి తల తుడిపించండి ప్రభూ," అన్నాడు గురవయ్య.

తుడిస్తే కండువా ఆముదంతో తడిసి జిడ్డయింది.

రంగప్ప అధికారం ఊడింది. బతికినన్నాళ్లూ దిమ్మల ఇరుసులకు ఆముదం పూశాడు. తలకు మాత్రం చుక్క దక్కలేదు.